పూసపాటి ఆనంద గజపతిరాజుగారు

మన వార్షిక మహాసభకు విచ్చేయు సోదరులలో ననేకులు సభాకార్యములు ముగిసిన పిమ్మట యారాడ కొండ నెక్కి సముద్రమును జూచిపోవుదురు. ఆ కొండకొమ్మునుండి తూర్పుదిక్కున అపారమగు జలరాశియు, ఉత్తరమున రేవుముఖమును, దాని కావలియొడ్డున విశాఖపట్టణపు పాత కోటవీథియు గన్పట్టును. నేడు ఆ రేవున ఉక్కు, ఖనిజములు, ధాన్యములు దిగుమతి యెగుమతులగుచుండును. భారత నౌకాదళమువారి యోడలు నిలిచియుండును. కాని 1758వ సంవత్సరమున ఇచ్చటనే యొక క్షత్రియ ప్రభువు ఫ్రెంచివారి జెండాను దింపించి, వంగదేశమునుండి ఇంగ్లీషు సేనను బిలిపించి, ఉత్తర సర్కారుల చరిత్రను మలుపుద్రిప్పెనన్న సంగతి మనలో నెందరు తలంతురు? ఆ ప్రభువే పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. వారి చరిత్రమును మన సోదరులకును, సంఘపోషకులగు మహనీయులకును సంగ్రహముగా విన్నవింప బూనితిమి.

ముందుగా నొక్క మాట. ఆనంద గజపతి యను నామము విజయనగర ప్రభువులలో నొక్కరికి మాత్రమే గలది కాదు. గురజాడ అప్పారావుగారిని ఆదరించి, సంగీత సాహిత్యములకు నిలయమై, 1897లో దివంగతులైన మహారాజుగారి పేరు లోకమున మిక్కిలి ప్రసిద్ధము. మేము వ్రాయుచున్నది వారిని గూర్చి కాదు. వారికి సుమారు నూటనలుబది యేండ్లకు బూర్వము, అనగా 1757 మొదలు 1760 వఱకు, ముమ్మారు సంవత్సరములు తిరుగునంతలోనే రాజ్యమును జేసి, యుద్ధమును జేసి, సంధిని జేసి, అకాలమున గతించిన ప్రభువును గూర్చి.

పూసపాటివారు మొదట కుమిలి, భోగాపురము ప్రాంతములను బొందిన చిన్న ప్రభువులు. 1713లో, విజయనామ సంవత్సరమున, విజయనగరపు కోటకు శంకుస్థాపనము జరిగినది. ఆ వంశమును పెంపునకు దెచ్చినవారు పెద విజయరామరాజుగారు. వారి కాలమున కళింగదేశమున ఢిల్లీ పాదుషా పేరు మాత్రమే నిలిచి, అధికారము హైదరాబాదు నిజాముదై, ఆ నిజాము పక్షమున శ్రీకాకుళమున ఫౌజుదారుడు కూర్చుండి పన్నులను వసూలు చేయుచుండెను. రాజులును, వెలమ దొరలును, మన్నె ప్రభువులును తమ తమ కోటలలో నుండి, బలము చాలినప్పుడు కప్పము నిలిపియు, చాలనప్పుడు చెల్లించియు కాలము గడుపుచుండిరి. విజయరామరాజుగారు ఈ పరిస్థితులను చక్కగా నెఱిగినవారు. ఎవరు గెలుతురో కనిపెట్టి వారితో స్నేహము చేయుట వారి రాజనీతి.

1751లో సలాబతుజంగు హైదరాబాదు సింహాసన మెక్కుటకు ఫ్రెంచి సేనాని బుస్సీయే ప్రధాన కారణము. ఆ సింహాసనము నిలుచుటకును వాని సేనయే యాధారము. ఆ సేనకు జీతముల క్రింద సలాబతుజంగు 1753లో ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను ఫ్రెంచివారికి వ్రాసియిచ్చెను. శ్రీకాకుళపు ఫౌజుదారుడగు జాఫరల్లీఖానుడు దీనికి సమ్మతింపక, మహారాష్ట్రులను దోడు బిలిచెను. అతడు విజయరామరాజుగారిని దన పక్షమునకు రమ్మని కోరగా, మచిలీబందరులోని ఫ్రెంచి అధికారి మొరాసిన్ అంతకంటె మేలైన బేరము జూపెను. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము సర్కారుల వసూలును స్వల్పమగు కట్టుబడికి రాజుగారి కొసగెను. అంతటితో విజయనగరము ఫ్రెంచివారికి మిత్రరాజ్యమయ్యెను. ఆ మైత్రికి విజయరామరాజుగారును బుస్సీయును పరస్పరము కుదుర్చుకొనిన నమ్మకమే మూలము. అది రెండు రాజ్యముల నడుమనున్న స్నేహమనుట కంటె ఇరువురు మనుష్యుల నడుమనున్న స్నేహమనుట యుక్తము.

ఆ స్నేహమునకు ఫలము బొబ్బిలి. 1757 జనవరి 24వ తేదీన జరిగిన యా ఘోరకలనమును ఇచ్చట వర్ణింప బనిలేదు. ఆంధ్రదేశమున దానిని వినని బిడ్డ లేడు. రంగారాయనింగారును, వారి వీరులును, అంతఃపురకాంతలును జూపిన తెంపు ఏ కులమువారికైనను తలవంచి నమస్కరింప దగినది. మన సంఘపు పుస్తకమున వ్రాయుచుంటిమి గదా యని మేము ఆ దినమును విజయదినముగా బేర్కొనజాలము. జయించిన విజయరామరాజుగారు జయఫలమును అనుభవింపలేదు. కొలదిదినములలోనే యొక రాత్రి తాండ్ర పాపారాయడు గుడారమున జొచ్చి వారిని బొడిచి చంపెను. రెండు కోటల యజమానులు ఒక్క మాసములోననే నేలగూలిరి. ఫ్రెంచి సేనాని మాత్రము క్షేమముగా నిలిచియుండెను.

విజయరామరాజుగారికి ఔరసులు లేకుండుటచే, జ్ఞాతియగు ఆనందరాజుగారు గద్దె నెక్కిరి. ఈ పట్టము బుస్సీ సమ్మతితోనే జరిగినది. కాని గతించిన ప్రభువునకును బుస్సీకిని నడుమనున్న చనువు కొత్త ప్రభువునకు సంక్రమింపలేదు. విజయరామరాజుగారి మరణానంతరమున బుస్సీ చేసిన యేర్పాటులు ఆనందరాజుగారికి మిక్కిలి యసంతృప్తిని గలిగించినవి. యుద్ధమున తమ యింటి పెద్దను గోల్పోయినది తామై యుండగా, మర్యాదయందును లాభమునందును తమకే కొఱత గలుగుట వారికి సహింపరాని విషయమయ్యెను. ఐనను వారు నోరు మెదపలేదు. తగిన సమయమునకు వేచియుండిరి.

ఇంతలో లోకమున పెనుగాలి వీచుచుండెను. 1756లో ఐరోపాఖండమున ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని ఏడేండ్ల యుద్ధము మొదలయ్యెను. ఆ కలహము అమెరికా అడవులలోను, జర్మనీ మైదానములలోను, మన తీరమునను ఒక్కమారే ప్రజ్వరిల్లెను. 1757 మార్చిలో ఇంగ్లీషువారు వంగదేశమున చందరునగరమును ఫ్రెంచివారినుండి పట్టుకొనిరి. దానికి బదులుగా బుస్సీ గోదావరీతీరమునందలి ఇంగ్లీషు వర్తకశాలలను గైకొని, జూను నెలాఖరున విశాఖపట్టణమును ముట్టడించి స్వాధీనము చేసికొనెను. 1682 నుండి అచ్చట వర్తకము చేయుచున్న ఇంగ్లీషువారు నిలువజాలక లొంగిపోయిరి. అదే మాసమున 23వ తేదీన పలాసీయుద్ధమున క్లైవు గెలిచి వంగదేశమునకు మకుటములేని ప్రభువయ్యెను. ఇట్లు ఒక తీరమున ఫ్రెంచివారును, వేఱొక తీరమున ఇంగ్లీషువారును బలపడి, నడుమనున్న దేశీయప్రభువు లెటు తిరుగుదురో యని యిరువురును జూచుచుండిరి.

మఱుసటి సంవత్సరమున పుదుచ్చేరిలో అధికారము మాఱెను. 1758 ఏప్రిలులో లాలీ యను సేనాపతి ఫ్రాన్సునుండి సర్వాధికారములతో దిగెను. పరాక్రమవంతుడే గాని, ఈ దేశపు రీతులను, ఇచ్చటి ప్రభువుల మనసులను ఎఱిగినవాడు కాడు. దక్షిణమున చెన్నపట్టణమును గొట్టి ఇంగ్లీషువారిని నిర్మూలించుటయే వాని సంకల్పము. నిజాము కొలువున ఫ్రెంచి సేన యుండుట వానికి వృథావ్యయముగా దోచెను. కావున బుస్సీని హైదరాబాదునుండి రమ్మని యాజ్ఞాపించెను. బుస్సీ ఎంతయో విచారించుచు బోయెను. సర్కారుల భారమును కాన్‌ఫ్లాన్ యను నధికారి వహించెను. ఏండ్ల తరబడి హైదరాబాదు కొలువున బుస్సీ నిర్మించిన ప్రాబల్యము ఒక్క యుత్తరువుతో నడుగంటెను.

ఆనందరాజుగారు వేచియున్న సమయ మిదియే. 1758 సెప్టెంబరు ఆరంభమున వారి సేనలు విశాఖపట్టణము మీద బడి, ఫ్రెంచి అధికారిని బట్టుకొని, కోటమీది ఫ్రెంచి పతాకమును దింపివేసెను. గద్దెనెక్కి ఇరువది మాసములైనను నిండని యువప్రభువు, ఫ్రెంచివారి మిత్రుడని పేరువడిన యింటివాడు, ఎవరి తోడును ముందుగా గుదుర్చుకొనకయే యీ సాహసమును జేసెను. ఒకవేళ ఇంగ్లీషువారు సాయము రామనిన, కాన్‌ఫ్లాన్ సేన విజయనగరమును బొబ్బిలివలెనే భస్మము చేయగలిగియుండెను. ఈ యంశమును స్మరింపకయే కొందఱు వారిని పిఱికివాడని తేలికగా నిందింతురు. ఆ నింద యెంతవఱకు దగునో ముందు దెలియగలదు.

రాజుగారు మొదట చెన్నపట్టణమునకు వ్రాసిరి. అచ్చటి ఇంగ్లీషువారు లాలీ దండయాత్రకు ఎదురుచూచుచు తమ ప్రాణములకే భయపడుచుండిరి గాన సాయము చేయజాలమనిరి. అంతట రాజుగారు కలకత్తాలోని క్లైవునకు వ్రాసిరి. అచ్చటి ఆలోచనసభవారు వంగదేశమున సేన స్వల్పముగా నున్నదనియు, దానిని దూరదేశమునకు బంపుట వివేకము కాదనియు వారించిరి. క్లైవు వారి మాట వినలేదు. సర్కారులలో ఫ్రెంచివారిని గొట్టినచో లాలీకి వెనుకనుండి వచ్చు ధనము నిలిచిపోవును, చెన్నపట్టణము మీది యొత్తిడి తగ్గును అని వాని యూహ. కావున కర్నలు ఫోర్డు నాయకత్వమున 500 మంది తెల్లసిపాయిలను, 2,000 మంది నల్లసిపాయిలను ఓడల నెక్కించి పంపెను. 1758 అక్టోబరు 20వ తేదీన ఆ సేన విశాఖపట్టణపు రేవున దిగెను. ఈ యారాడ కొండయే ఆ నావికులకు దూరమునుండి గుఱుతుగా నిలిచియుండును.

రాజుగారి దండు అప్పుడు కశింకోటయొద్ద విడిసియుండెను. ఫోర్డు అచ్చటికి బోయి కలిసికొనెను. నవంబరు మాసమున ఇరుపక్షములవారికి ఒడంబడిక జరిగినది. కొల్లసొమ్మును సమముగా బంచుకొనవలయును. జయించిన దేశములు రాజుగారివై, వాని రాబడిని వారే వసూలు చేసికొనవలయును. సముద్రతీరపు రేవులును, నదీముఖములందలి పట్టణములును కుంపిణీవారివి కావలయును. సేనవ్యయమునకై రాజుగారు నెల కొక్కింటికి 50,000 రూపాయలును, అధికారులకై 6,000 రూపాయలును చెల్లింపవలయును. ఈ నిబంధనలలో రెండవదియు మూడవదియు పాఠకులు మనసునందుంచుకొందురు గాక. నేల రాజుగారిది, నీరు కుంపిణీవారిది. ఆనాడు అది రాజుగారికే లాభముగా గన్పట్టియుండును.

1758 డిశంబరులో పిఠాపురమునకు సమీపమునందలి చందుర్తి గ్రామమువద్ద రెండు సేనలును ఎదుర్కొన్నవి. కాన్‌ఫ్లాన్ వద్ద సుమారు 500 మంది తెల్లవారును, 6,000 మంది సిపాయిలును, పెక్కు ఫిరంగులును ఉండెను. ఫోర్డు సేన అందులో సగమైనను లేదు. రాజుగారి పక్షమున కొలదిపాటి గుఱ్ఱపుదళమును, 5,000 మంది కాల్బలమును ఉండిరి. వారిలో ననేకుల చేతులలో ఈటెలును, విల్లమ్ములును మాత్రమే యుండెను. బ్రిస్టల్ యను నింగ్లీషువాని క్రింద నలుబదిమంది తెల్లవారును నాలుగు ఫిరంగులును రాజుగారి కొలువుననే యుండెను. వంగదేశపు సిపాయిలు ఎఱ్ఱచొక్కాలను దొడిగియుండుటచే ఫ్రెంచివారు వారినే తెల్లపటాలమని భ్రమించి వారిమీద బడిరి. ఏపుగా పెరిగిన పైరు మాటున నిలిచియున్న నిజమైన తెల్లపటాలము ప్రక్కనుండి వచ్చి ఫ్రెంచి సేనను చెదరగొట్టెను. కాన్‌ఫ్లాన్ గుఱ్ఱమెక్కి రాజమహేంద్రవరమునకు బరుగెత్తెను. అచ్చటను నిలువజాలక దక్షిణమునకు బోయెను. ఈ యుద్ధమున రాజుగారి కాల్బలము చేసిన పని స్వల్పమని ఇంగ్లీషు చరిత్రకారులు వ్రాసిరి. విల్లమ్ములతో ఫిరంగులను ఎదుర్కొనలేకపోవుట నేరము కాదు. ఆ 5,000 మందిలో రాజులే కాక కాపులు, గవరలు, మన్నెపువారు మున్నగు నానాకులములవారును ఉండియుందురు. వారి పేరులు ఎవరును వ్రాసియుంచలేదు.

జయము లభించినంతనే మిత్రులలో కలహము పుట్టెను. ఫోర్డుకు సేనకు జీతము లిచ్చుటకు ధనము కావలసియుండెను. రాజుగారు ఇయ్యవలసిన పైకమును ఇయ్యక జాగుచేయసాగిరి. వారి ధనాగారము బొబ్బిలి యుద్ధముతోడను, పట్టాభిషేకవ్యయముతోడను తఱిగియుండుట సహజము. అదియును గాక, యుద్ధభారమంతయు తమ మీదనే మోపబడుచున్నదని వారికి అనుమానము గలిగెను. ఫోర్డు కోపించి గోదావరిని మరల దాటి వెనుకకు రాగా, తమ్మే శిక్షించుటకు వచ్చుచున్నాడని భయపడి రాజుగారు కొండలకు బోయిరి. ఆండ్రూస్ యను ఇంగ్లీషు అధికారి మధ్యవర్తియై పోయి, ఒడంబడికను కొంత సవరించి, రాజుగారిని సమాధానపఱచెను. రాజుగా రిచ్చు పైకము అప్పుగా నెంచబడుననియు, కొత్తగా జయించు దేశముల రాబడి సమముగా బంచుకొనబడుననియు నిశ్చయమయ్యెను. ఇట్లు సుమారు ఏబది దినములు వృథగా బోయినవి. ఆ యేబది దినములలో కాన్‌ఫ్లాన్ మచిలీబందరు కోటను బలపఱచుకొనెను. మిత్రుల నడుమ లెక్కలు తేలకున్న శత్రువునకు వూపిరి దొరకుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

1759 మార్చి మొదట మిత్రసేనలు మచిలీబందరును జేరినవి. ఉప్పునేలలును, బురదయు చుట్టుకొనిన యా కోట దుర్గమము. లోపలి సేన బయటి సేనకంటె నెక్కువ. ఇంగ్లీషు పటాలము జీతములు లేక తిరుగబడెను. ఫోర్డు బ్రతిమాలి శాంతింపజేసెను. అంతలో నిజాము సలాబతుజంగు 15,000 గుఱ్ఱపుదళముతోను, 20,000 కాల్బలముతోను బెజవాడకు వచ్చెనను వార్త తెలిసెను. ఫ్రెంచివారి పిలుపుననే అతడు కదలివచ్చెను. తన ఏలుబడిలోని జమీందారుడవై యుండి పరదేశీయులతో నేల చేరితివని ఆనందరాజుగారికి ఉత్తరువులు పంపి, వెంటనే వారిని విడిచి రమ్మనెను. వెనుకవైపున వేఱొక ఫ్రెంచి దండు రాజమహేంద్రవరమును మరల బట్టుకొనెను.

ఆ రాత్రి ఆనందరాజుగారు తమ దండుతో లేచి స్వదేశమునకు బయలుదేఱిరి. ఎనిమిది క్రోశుల దూరము సాగిపోయిరి. ఈ సందర్భమును దాచుట ధర్మము కాదు. వారు భయపడిరి. కాని ఆ భయమును అర్థము చేసికొనవలయును. ఫోర్డు ఓడిపోయినచో ఓడ లెక్కి వంగదేశమునకు బోగలడు. రాజుగారు ఓడిపోయినచో వారి ప్రజలు, వారి కోట, వారి యిల్లు అన్నియు నిజాము గుఱ్ఱపు డెక్కల క్రింద నలిగిపోవలసినవే. అంతర్జాతీయ యుద్ధమున పెద్దరాజ్యములకు ఓటమి యొక వెనుకంజ; చిన్నరాజ్యములకు ఓటమి సర్వనాశనము. ఫోర్డు మనుష్యులను బంపి నచ్చజెప్పించెను. ముందు నిజాము గుఱ్ఱపుదళము, వెనుక ఫ్రెంచి దండు ఉండగా ఒంటరిగా బోవుట చేటనియు, కలిసియున్ననే క్షేమమనియు తెలియజేసెను. రాజుగారు ఆలోచించి మరలి వచ్చిరి. ఆ మరలివచ్చుటయే వారి జీవితమునందలి ఘనకార్యమని మా యభిప్రాయము. భయము లేనివాడు నిలుచుట వింత కాదు. భయపడినవాడు తిరిగివచ్చి నిలుచుట వీరము.

ఫోర్డు వద్ద మందుగుండు రెండు దినములకు మాత్రమే మిగిలెను. 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి కోటమీద దాడి నిశ్చయమయ్యెను. రాజుగారి సైనికులు కోటకు బోవు గట్టుదారివెంబడి అట్టహాసముతో ఎదురుదాడి నటించి శత్రువుల దృష్టిని దమవైపునకు ద్రిప్పవలయును. ఇంగ్లీషువారు వేఱువైపున బురదను దాటి గోడ నెక్కవలయును. ఆ పనిని రాజుగారి జనము చక్కగా నెఱవేర్చిరి. తెల్లవాఱునప్పటికి కాన్‌ఫ్లాన్ లొంగిపోయెను. సుమారు 350 మంది తెల్లవారును 1,400 మంది సిపాయిలును జేసిన దాడికి 500 మంది తెల్లవారును 2,500 మంది సిపాయిలును బందీలైరి. కొలదిదినములకు రాజుగారు తమ సేనతో ఇంటిదారి పట్టిరి.

బెజవాడవద్ద సలాబతుజంగు ఈ వార్త విని నిర్విణ్ణుడయ్యెను. అతనిని అంతకంటె ఎక్కువ కలవరపెట్టిన వార్త వేఱొకటి యుండెను. అతని తమ్ముడు నిజామల్లీ సేనతో హైదరాబాదు మీదికి వచ్చుచుండెను. బుస్సీ లేని సింహాసనము కదలుచున్నదని అతనికి తెలిసెను. పరాజితులైన పాత మిత్రులకంటె జయించిన కొత్తవారే మేలని తలంచి, 1759 మే 14వ తేదీన ఫోర్డుతో సంధి చేసికొనెను. మచిలీబందరును, దానితోగూడ ఎనిమిది జిల్లాలును, నిజాముపట్టణము మొదలగునవియు కుంపిణీవారికి జెందినవి. ఫ్రెంచివారిని తన దేశమున నుండనీయనని ప్రమాణము చేసెను. ఆ సంధిపత్రమున ఆనందరాజుగారిని గూర్చియు నొక నిబంధన గలదు. ఆ సంవత్సరము వారు వసూలు చేసికొన్న రాబడిని నిజాము అడుగరాదు. ఇటుపైని వారు తమ పూర్వుల వలెనే నిజామునకు కప్పము చెల్లింపవలయును.

పాఠకులు ఇచ్చట నొక క్షణము నిలువ గోరుచున్నాము. యుద్ధమును మొదలుపెట్టినవారు ఆనందరాజుగారు. విశాఖపట్టణమును బట్టుకొన్నవారు వారు. సేనకు ధనమిచ్చినవారు వారు. సంధి జరుగునప్పుడు మాత్రము వారు మూడవవారు. ఇద్దఱు పెద్దలు వ్రాసికొన్న పత్రమున వారి భాగ్యము ఒక నిబంధన యయ్యెను. వారు పూర్వము ఎవరికి కప్పము కట్టిరో వారికే మరల కట్టవలసినవారైరి. రేవులు మాత్రము శాశ్వతముగా చేజాఱినవి.

ఆనందరాజుగారు ఈ ఫలమునైనను ఎక్కువకాలము అనుభవింపలేదు. 1760లో రాజమహేంద్రవరమున మశూచికముచే పరలోకగతులైరి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో క్లైవు ఇంగ్లాండునకు వెడలిపోయెను. స్నేహము చేసిన యిరువురిలో నొకడు గతించెను, వేఱొకడు దూరదేశమున కేగెను. ఒడంబడికను స్మరించువారు కలకత్తాలో గాని, చెన్నపట్టణమున గాని మిగులలేదు. విజయనగరమున పెద విజయరామరాజుగారి సతీమణి పండ్రెండేండ్ల బాలుని దత్తు చేసికొని విజయరామరాజను పేరిడిరి. ఆ బాలుని అన్నయగు సీతారామరాజుగారు అధికారమంతయు వహించి నడపిరి. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానామూలమునను, 1766లో నిజాముతోడి సంధిమూలమునను ఉత్తర సర్కారులన్నియు కుంపిణీవారికి జెందినవి. నిజామునకు కట్టవలసిన కప్పము ఇక కుంపిణీవారికే కట్టవలసివచ్చెను. మిత్రుడు ప్రభువయ్యెను.

ఆ తరువాతి కథ విజయనగరపు ప్రతి యింటను దెలిసినదే. బాకీలు పెరిగినవనియు, నెలకు 1,200 రూపాయల భత్యము గైకొని మచిలీబందరున నుండవలసినదనియు కుంపిణీవారు విజయరామరాజుగారిని ఆజ్ఞాపించిరి. వారు తమ పరిజనముతో పద్మనాభమువఱకు వచ్చి నిలిచిరి. 1794 జూలై 10వ తేదీ తెల్లవాఱుజామున కుంపిణీ సేన వారిమీద బడెను. ప్రభువును, వారిని విడువని రాజులును ఒక్కచోటనే కూలిరి. చందుర్తిలో విజయనగరపు ధనముతో పోషింపబడిన కుంపిణీ పటాలమే ముప్పదియైదేండ్లు గడచిన పిమ్మట విజయనగరపు ప్రభువుమీద గుండ్లు గురిపించెను.

ఇక మా తీర్పు. ఆనందరాజుగారు ఇంగ్లీషువారిని దెచ్చి దేశమును వారి చేత బెట్టిరని కొందఱందురు. ఇది యర్ధసత్యము మాత్రమే. ఇంగ్లీషువారు 1682 నుండియు విశాఖపట్టణముననే యుండిరి. ఫ్రెంచివారు నిజాముచేత సన్నదు పొంది నాలుగు సర్కారుల నేలుచుండిరి. దేశము పరులచేత లేనిదై యుండగా వారు పరులకు అప్పగింపలేదు. ఇద్దఱు పరులలో నొకరిని ఎన్నుకొనిరి. వారి యెన్నిక ఆనాటి కంటికి వివేకమైనదే. లాలీ వచ్చుట, బుస్సీ పోవుట, పలాసీలో క్లైవు గెలుచుట అను మూడు మార్పులను విజయనగరమున గూర్చుండి సరిగా లెక్కించిన దేశీయప్రభువులలో వారే ప్రథములు. నిజామునకు మచిలీబందరు పతనమైన పిమ్మట బోధపడిన సంగతి వారికి ఏడు మాసములు ముందుగా బోధపడెను.

వారు పొరపడినది మిత్రుని నెన్నుకొనుటయందు కాదు, ఒడంబడికయందు. నేలను గోరి నీటిని విడిచిరి. రేవును ఏలువానికి సేన యెప్పుడు కావలసిన నప్పుడు దిగును, ధనము ఓడలమీద వచ్చును. లోనాటి ప్రభువు పంట పండినప్పుడు మాత్రమే బలవంతుడు. యారాడ కొండమీద నిలిచి రేవుముఖమును జూచు చిన్నబిడ్డకైనను ఈ సత్యము గోచరించును. 1804 సెప్టెంబరు 15వ తేదీన ఈ రేవుముందఱనే ఫ్రెంచి నౌకలును, సెంచూరియను అను ఇంగ్లీషు నౌకయు పోరాడినప్పుడు, తీరమునందలి ప్రభువులెవ్వరికిని అందులో మాటలేదు. ఒడ్డున నిలిచి చూచుటయే మిగిలెను.

ఇట్టిది విజయనగరమున మాత్రమే జరిగినదని తలపరాదు. అదే యేడేండ్ల యుద్ధమున 1762 ఆరంభమున రష్యాదేశపు ఎలిజబెత్తు చక్రవర్తిని గతింపగా, ఆమె తరువాత వచ్చిన మూడవ పీటరు తన సేనలను మరలించి, నిన్నటి శత్రువగు ప్రష్యారాజుతో సంధి చేసికొనెను. ఒక్క సింహాసనమున మనిషి మాఱగనే లక్షలాది సైన్యముల దారి మాఱెను. 1763లో పారిసు నగరమున సంధి జరిగినప్పుడు ఇంగ్లీషువారును ఫ్రెంచివారును సలాబతుజంగును దక్కనునకు న్యాయమైన ప్రభువుగా అంగీకరించి వ్రాసిరి. ఆ సమయమున అతడు తమ్ముని చెఱలో నుండెను. దూరమునుండి వ్రాయబడు పత్రములకును, ఇచ్చటి మనుష్యుల బ్రతుకులకును గల యెడ మట్టిది.

విజయనగర బొబ్బిలి సంస్థానములు రెండును నేడు చరిత్రలో గలిసిపోయినవి. ఆనాటి పగలను మనము మోయ బనిలేదు. మన సంఘమున చేరినవారు తమ పూర్వులను గొనియాడుకొనుట సహజమే. కాని వారి వెఱపును, పొరపాటును గూడ జెప్పుకొనగలిగిననే ఆ గౌరవము నిలుచును. ఆనంద గజపతిరాజుగారు మూడేండ్లు మాత్రమే యేలిరి. ఆ మూడేండ్లలో ఒక పెద్దదిక్కు కూలుట జూచిరి, ఒక మైత్రిని ద్రెంచిరి, ఒక మైత్రిని గట్టిరి, భయపడిరి, మరలివచ్చిరి, గెలిచిరి, గెలిచియు స్వల్పమునే పొందిరి. మనుష్యులతో చేసిన స్నేహము మనుష్యులతోనే పోవుననియు, పత్రమున వ్రాసినదే మిగులుననియు, వ్రాయునప్పుడు ఏది విడుచుచున్నామో రెండుమాఱులు చూచుకొనవలయుననియు వారి జీవితము మనకు బోధించుచున్నది. ఈ పాఠము రాజ్యములకే కాక సంఘములకును, కుటుంబములకును వర్తించును. మన సోదరులును, పోషకమహాశయులును దీనిని మనసున నుంచుకొందురని ప్రార్థించుచు, ఆ యువప్రభువునకు నమస్కరించి, మేము విరమించుచున్నాము.